కుడికాలి గేరు

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని అందరూ పాదరసం అనేవాళ్ళు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప మరెవరికీ అవసరం పడలేదు. కుదురుగా కూర్చుని ఒక పూట అన్నం తిన్న పాపాన పోలేదతను. కంచం ఎడంచేత్తో పట్టుకుని వంటింటి గుమ్మానికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే నాలుగు ముద్దలు మింగేవాడు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటిలోనూ మిగతావాళ్ళ ముఖాలు స్పష్టంగా ఉంటాయి. అతనున్న చోట మాత్రం ఎవరో తడివేలితో తుడిచినట్టు ఉంటుంది. "ఈయన్ని ఫోటో తియ్యాలంటే ముందు స్తంభానికి కట్టెయ్యాలి" అనేది భార్య. ఆమె బస్‌స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక పనిచేసేది. పొద్దస్తమానం కూర్చున్న చోటే కూర్చుని జనాన్ని ఊళ్ళమీదికి సాగనంపే మనిషి. ఈ ఇద్దరికీ ఎలా పొసిగిందా అని చుట్టాలు విడ్డూరంగా చెప్పుకునేవాళ్ళు. అతను ఇంట్లో ఉండేదే తక్కువ కాబట్టి పొసిగిందని ఆమె జవాబు.

అలాంటివాడికి లిఫ్టుల పని సరిగ్గా సరిపోయింది. ఈ మేడమీద తలుపు పట్టేసిందని ఒక ఫోను, ఆ మేడలో మోటారు మూలుగుతోందని ఇంకో ఫోను. ఒక పని ముగించి చేతులు తుడుచుకునేలోపు మనసు తరువాతి మేడకు వెళ్ళిపోయేది. మనసు వెనకే మనిషిని మోసుకెళ్ళడానికి ఒక పాత మోటార్ సైకిలు ఉండేది.

ఆ బండి అతను పుట్టకముందు తయారైంది. నల్లటి ట్యాంకు. దానిమీద చేత్తో గీసిన బంగారు గీతలు ఉండేవట, ఇప్పుడు వేలితో తడిమితే తప్ప తెలియవు. ఇప్పటి బండ్లకూ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. దాని గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. అలవాటు లేనివాడు ఎక్కితే ఆపబోయి గేరు మారుస్తాడు, గేరు మార్చబోయి నడిరోడ్డుమీద నిలబడిపోతాడు. అందుకని ఆ బండిని ఎరువడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అది మామగారి బండి. చూపు మందగించాక ఆయన ఒక మధ్యాహ్నం అందరి ముందూ తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. ఆ సమయంలో ఆయన సొంత కొడుకు, అంటే పాదరసం బావమరిది, ఆ బండి పక్కనే గొంతుక్కూర్చుని గొలుసుకు నూనె వేస్తున్నాడు. చిన్నప్పట్నుంచి దాన్ని తుడిచిందీ, గాలి కొట్టిందీ, నట్లు బిగించిందీ అతనే. తండ్రి మాట విని తల ఎత్తలేదు. గొలుసు పొడవునా నూనె వేయడం పూర్తిచేశాడు, డబ్బా మూత పెట్టాడు, చేతులు కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ బావాబావమరుదుల మధ్య మాటలంటూ ఉన్నవి "వచ్చావా", "తిన్నావా" అనేవే. మామగారు పోయినప్పుడు కూడా అంతకు మించి ఒక్క మాట పెరగలేదు.

ఇలా ఉండగా ప్రమాదం జరిగింది. ఒక ఆస్పత్రి మేడలో పాదరసం లిఫ్టు పెట్టె పైకప్పుమీద నిలబడి తాడు చూస్తున్నాడు. పని అయిపోయింది, ఆపమని లోపలున్నవాడికి కేక వేశాడు. పెట్టె పూర్తిగా ఆగేదాకా ఆగాలని అతనే కొత్తవాళ్ళకు నేర్పేవాడు. అవతల ఇంకో మేడనుంచి అప్పటికే ఫోను వచ్చింది. అతను ఆగలేదు, అంతస్తు గట్టుమీదికి దూకాడు. పెట్టె ఇంకో జానెడు కదిలింది. ఆ జానెడులో అతని కుడిపాదం ఇరుక్కుంది.

డాక్టర్లు పాదాన్ని నిలబెట్టారు గానీ చీలమండను స్క్రూలతో ఒకే ఎముకగా కలిపేశారు. ఇక అది పైకీ కిందికీ వంగదు. కాలు చివర ఇస్త్రీపెట్టె తగిలించినట్టు, ఎత్తితే మొత్తం లేస్తుంది, దించితే మొత్తం దిగుతుంది. నడక వచ్చింది, మెట్లు కూడా ఎక్కాడు. కానీ లిఫ్టు గూటిలోకి దిగడానికి ఆఫీసువాళ్ళు ఇక ఒప్పుకోలేదు. ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఎక్కడ ఏ లిఫ్టు చెడిందో రాసుకుని వేరేవాళ్ళను పంపడం అతని పని అయింది.

ఆ కుర్చీకి చక్రాలుండేవి. ఎడమకాలితో తన్నుకుంటూ గదంతా తిరిగేవాడు, చెవికి తగిలించుకున్న ఫోను తీగ బిగుసుకుని వెనక్కి లాగేది. అవతల ఎవరో తలుపు మూసుకోవడం లేదని చెబుతుంటే ఇక్కడ ఇతని చేతులు గాల్లో ఆ తలుపు బాగుచేసేవి. ఇంటికొస్తే కర్ర టకటకలాడించుకుంటూ హాల్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి హాల్లోకి తిరిగేవాడు. సాయంత్రాలు బండిమీద కప్పిన పట్టా తీసి, దారినపోయే ఎవరిచేతనో కిక్కు కొట్టించి, ఎక్కి కూర్చుని, న్యూట్రల్లో ఇంజను మోత పెంచేవాడు. ఎటూ పోని బండి అంతసేపు అరుస్తుంటే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు కిటికీలు మూయడం మానేసి గేటు దగ్గరికే వచ్చారు.

గేర్లు లేని స్కూటరు కొనుక్కోమని అందరూ చెప్పారు. అతని భార్యా చెప్పింది. స్కూటరంటే చక్రాలున్న కుర్చీయేననీ, అలాంటిది ఆఫీసులో ఒకటి ఇప్పటికే ఉందనీ అతనన్నాడు.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ బండి మొదటి గేరులో పడాలంటే కుడిపాదం మునివేళ్ళను లివరు కిందికి దూర్చి పైకి ఎత్తాలి. మిగతా గేర్లకు కిందికి నొక్కాలి. నొక్కడం ఎలాగోలా కుదిరేది. ఎత్తడం చీలమండ చేసే పని, ఆ చీలమండే ఇప్పుడు లేదు. అతను ఆలోచించాడు. లివరును వెనక్కి పొడిగించి మడమ దగ్గర ఇంకో రేకు పెడితే? మడమతో వెనక నొక్కితే ముందుభాగం తనంతట తనే లేస్తుంది కదా. పాత సామాన్ల బజారంతా గాలించి అలాంటిదే ఇంకో లివరు సంపాదించాడు. బండితో వచ్చిన అసలు లివరు విప్పి, పాత చొక్కాలో చుట్టి బీరువాలో దాచాడు. తరువాత వెల్డింగు కొట్టుకు వెళ్ళి, చల్లారేదాకా కూడా ఆగకుండా తడిగుడ్డలో పట్టుకొచ్చి బిగించేశాడు.

మర్నాడే మళ్ళీ ఎవరిచేతనో కిక్కు కొట్టించుకుని రోడ్డెక్కాడు. వీధి మలుపుదాకా బాగానే పోయింది. తరువాత మడమతో గేరు తగ్గించబోతే పాదం ఫుట్‌రెస్టుకు తట్టుకుంది. కిందికి చూసి, కాలు మొత్తం వెనక్కి లాక్కుని గట్టిగా తొక్కాడు. వెల్డింగు టప్పుమని విరిగింది. తల ఎత్తేసరికి ఎదురుగా మంచినీళ్ళ డబ్బాల ట్రాలీ. ఎడమకాలితో బ్రేకు అదిమాడు గానీ చోటు చాల్లేదు. డబ్బాలు దొర్లుకుంటూ వీధి పొడవునా పోయాయి. బండి ఎడమపక్కకు పడింది, దానికింద అతను. దెబ్బలు పెద్దగా లేవు. ట్రాలీవాడు తిట్టకుండా లేవనెత్తి, కర్ర చూసి జాలిపడ్డాడు. ఆ జాలి మాత్రం చాలాసేపు మండింది.

ఆ సాయంత్రం భార్య మోచేతికి మందు రాసింది. అన్నీ సర్దేసి చెయ్యి కడుక్కుని వచ్చాక అంది.

"తమ్ముడి దగ్గరికి వెళ్ళండి. ఈ పని వాడొక్కడే చెయ్యగలడు."

"వాడు నా ముఖం చూడడు కదా."

"చూడక్కర్లేదు. కాలు చూస్తే చాలు."

బావమరిదికి ఊరి అవతల లేత్ షాపు ఉంది. విరిగిన ఇరుసులు, అరిగిన పళ్ళచక్రాలు కొత్తగా కోసిస్తాడు. వాడి కాళ్ళు పట్టుకోవాలా అని పాదరసం గొణిగాడు. ఆమె అప్పుడు కాస్త గట్టిగానే మాట్లాడింది. తన తండ్రి బండి కోసం వీళ్ళిద్దరూ ఇన్నేళ్ళు మూతులు ముడుచుకున్నారనీ, మధ్యలో పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరి తరఫునా మాటలు మోసింది తాననీ, ఆ బండి తనకు కావాలా అని మాత్రం ఈ భూమ్మీద ఒక్కరూ అడగలేదనీ. అతను తెల్లబోయి, కావాలా అని అడిగాడు. అక్కర్లేదంది. అడిగితే బాగుండేదంది.

సెలవురోజు చూసుకుని, బండిని చిన్న ట్రక్కులో ఎక్కించుకుని లేత్ షాపుకు వెళ్ళాడు. పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న షెడ్డు అది. నేలంతా ఉంగరాలు తిరిగిన ఇనుప పొట్టు. గోడకు మేకులు కొట్టి పానాలన్నీ చిన్నా పెద్దా వరసలో వేలాడదీసి ఉన్నాయి. బావమరిది లేత్ మిషను ఆపకుండా ఒక్కసారి తలతిప్పి చూశాడు. మనిషిని కాదు, బండిని. చేతిలోని పని పూర్తయ్యాక వచ్చి దాని చుట్టూ తిరిగాడు. విరిగిన వెల్డింగు దగ్గర ఆగి, బొటనవేలితో రుద్ది, "ఎవడు చేశాడిది" అన్నాడు.

పాదరసం తనకు కావలసింది చెప్పాడు. గబగబా, ఒకదానిమీద ఒకటి, వెల్డింగు కథా నీళ్ళ డబ్బాల కథా కలగలిపి. బావమరిది అంతా విన్నాడు. గోడమీది పానాలు తీసి, విరిగిన లివరు విప్పేశాడు. చొక్కాలో చుట్టి తెచ్చిన అసలు లివరును తొడిగి బిగించాడు. తరువాత చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇలా ఇవ్వు. కోతా కొలతా మొదలుపెడితే ఇది ఇలా ఉండదు. ఒకసారి నడిపొస్తా."

పాదరసం తాళంచెవి ఇచ్చాడు. బావమరిది ఒక్క కిక్కుకు స్టార్టు చేశాడు. కుడికాలు లివరు కిందికి దూరిన తీరు చూసి పాదరసం కళ్ళు తిప్పుకున్నాడు. చప్పుడు సందు దాటింది, పెద్దరోడ్డు చేరింది, ఇక వినబడలేదు.

ఇప్పుడే వస్తాడనుకున్నాడు. ముక్కాలిపీట మీద కూర్చున్నాడు, లేచాడు. గోడమీది పానాలన్నీ చూశాడు. ఒకటి వరస తప్పిందనిపించి తీసి మార్చాడు, మళ్ళీ భయమేసి యథాస్థానంలో పెట్టాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి రోడ్డు చూశాడు. మిషను దగ్గరికి వచ్చి పొట్టు కాలితో కుప్ప చేశాడు. ఫోను చేద్దామని తీశాడు. చేస్తే ఇక్కడే, బల్లమీదే మోగింది, బావమరిది ఫోను పెట్టేసి వెళ్ళాడు. ఎవరో విరిగిన పంపు భాగం పట్టుకొచ్చారు. యజమాని ఇప్పుడే వస్తాడని చెప్పి కూర్చోబెట్టాడు. వాళ్ళు విసుగొచ్చి వెళ్ళిపోయారు. ఇంకొకరు వచ్చారు. వాళ్ళకీ అదే చెప్పాడు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చి, లేత్ మిషనెక్కి, అవతలి గోడ పాకింది.

ఎక్కడైనా పడ్డాడేమో. లేక తిరిగి రాకూడదనే వెళ్ళాడేమో. రాకపోతే అడిగే హక్కు తనకుందా అనీ అనిపించింది. కాలుగాలిన పిల్లిలా ఆ షెడ్డులో ఎంత తిరిగాడంటే, పొట్టులో అతని కర్ర గుర్తులు బాటలా పడ్డాయి. ఆ తిరుగుడు మధ్యలో అతనికి నూనె డబ్బా మూత పెట్టి బయటికి నడిచిన కుర్రవాడి వీపు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజునుంచి తను ఎక్కడికి పోతే అక్కడికి ఆ బండి వేసుకుని పోయాడు. వాడు ఎన్ని సాయంత్రాలు ఆ చప్పుడు వీధి చివర వినబడి, తన ఇంటి ముందు ఆగకుండా పోవడం విన్నాడో.

దీపాలు వెలిగించే వేళకు చప్పుడు వినబడింది. బావమరిది బండి స్టాండు వేసి, చొక్కాచేత్తో ముఖం తుడుచుకున్నాడు. జుట్టంతా దుమ్ము. ఎక్కడికి వెళ్ళాడో చెప్పలేదు.

"మూడో గేరులో ఏదో కొట్టుకుంటోంది. ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది" అన్నాడు పాదరసం. ఆ వెంటనే, ఆపుకోలేక, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట చెప్పేశాడు. "మీ నాన్న నాకెందుకిచ్చాడో తెలుసా? నామీద ప్రేమతో కాదు. నీ చేతికిస్తే బాగుచేస్తానంటూ మొత్తం విప్పేస్తావని భయం. ఒక్క నట్టు కూడా మార్చనని నాచేత మాట తీసుకున్నాడు."

బావమరిది బండికేసి చూశాడు. ముఖంలో కోపమా ఏడుపా తెలియని ఒక కదలిక వచ్చి పోయింది. చివరికి ముక్కుతో నవ్వాడు.

"నిజమే. విప్పేసేవాణ్ణి" అన్నాడు. తరువాత నెమ్మదిగా, తనకు తను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "అయితే దీనికి రంధ్రం వెయ్యను. వెల్డింగు పెట్టను. ఉన్న బోల్టులకే బిగించాలి. రేపు విప్పితే నాన్న ఎలా వదిలాడో అలా ఉండాలి."

అలా అనడం సులువే, చెయ్యడం కాదు. మర్నాటి సాయంత్రం బండిని స్టాండుమీద నిలబెట్టి, దానిమీద బావను ఎక్కించాడు. అతని బూటు అడుగున సుద్ద పూశాడు. గేరు మార్చబోతున్నట్టు కాలు ఆడించమన్నాడు. ఇంజను పక్కన అట్టముక్క నిలబెట్టి, పాదం సహజంగా ఎక్కడెక్కడ ఆనుతుందో సుద్ద మరకల్లో చూసుకున్నాడు. చూడాలంటే కాలు నిలవాలి. అది నిలవదు. ఫోనొచ్చిందని తిరిగేవాడు, వీపు దురద పెట్టిందని వంగేవాడు, కొలత తప్పిందేమోనని తనూ వంగి చూసేవాడు. బావమరిది చివరికి అతని మడమను రెండు చేతులతో పట్టుకుని తన మోకాలికి అదిమిపెట్టుకున్నాడు.

"కదలకు బావా. నీ కాలుతో చస్తున్నా."

ఇన్నేళ్ళ తరువాత వాడి నోట బావా అన్న మాట వినబడింది. ఆ ఒక్క క్షణం పాదరసం నిజంగానే కదల్లేదు. ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "వాడి కాళ్ళు పట్టుకోవాలా అని ఏడ్చారు. చివరికి వాడే మీ కాలు పట్టుకున్నాడా" అంది.

కొలతల్లో ఒక సంగతి తేలింది. చీలమండ లేని కాలికి పని చేసేది తొడా మోకాలూ. కాబట్టి పాదం ముందుకూ వెనక్కూ జరగడానికి చోటు కావాలి. ఫుట్‌రెస్టును ముందుకు, కాస్త కిందికి జరపాలి. ఇంజన్ను ఫ్రేముకు పట్టి ఉంచే ముందరి బోల్టులు రెండూ తీసి, వాటి చోట పొడుగువి వేసి, వాటికే ఒక మందపాటి ఇనుప పలక తగిలించాడు బావమరిది. ఆ పలకమీద ఫుట్‌రెస్టు, దాని పక్కనే తక్కెడలా ఊగే కొత్త లివరు. లివరుకు ముందొక చిన్న పలక, వెనకొక చిన్న పలక. ముందుది నొక్కినా వెనకది నొక్కినా కాలు కిందికే వెళుతుంది, ఎత్తే పనే లేదు. ఆ లివరునుంచి ఒక సన్నటి కమ్మీ గేరు పెట్టెదాకా పోయి అక్కడి ఇరుసును తిప్పుతుంది. ముందు అంతా చెక్కముక్కలతో చేసి తీగతో కట్టి చూసుకున్నాడు. చెక్క కుదిరాకే ఇనుము ముట్టుకున్నాడు.

పాదరసానికి ఈ చెక్కల వ్యవహారం ప్రాణం తీసింది. ఆఫీసు అవగానే రోజూ వాలిపోయేవాడు. మిషను పక్కన నిలబడి, అయిందా, ఇంకెంత, అది అలా ఎందుకు, ఇలా చేస్తే పోలేదా అని అడిగేవాడు. నెత్తిమీద నిలబడితే ఇనుము త్వరగా తెగదని బావమరిది ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మూడోసారి ఆకురాయి చేతికిచ్చి, ఒక మూలన కూర్చోబెట్టి, పలకల అంచులు నున్నగా రాయమన్నాడు. అంచులు అద్దాల్లా తయారయ్యాయి. ఇంకా రాస్తూనే ఉంటే పలకే అరిగిపోతుందని లాక్కోవలసి వచ్చింది.

అంతా బిగించాక కిక్కు కొడదామంటే రాడ్డు దిగుతూ కొత్త ఫుట్‌రెస్టును కొట్టుకుంది. బావమరిది తల గోక్కుని, ఫుట్‌రెస్టు విప్పి, కీలు పెట్టి మడత పడేలా చేశాడు. బిగుసుకున్న ఆ కాలితో కిక్కు కొట్టడం కుదరదు. ఇంజను ఎదురు తంతే ఉన్న ఎముకా పోతుంది. అందుకని బండిని స్టాండుమీద పెట్టి, కుడిపక్క నేలమీద నిలబడి, ఎడమకాలితో కొట్టడం బావకు అలవాటు చేశాడు. తరువాత కమ్మీ వంతు. అది సైలెన్సరుకు మరీ దగ్గరగా పోయి, వేడికి పట్టేసింది. దాన్ని వంచి, దూరం జరిపి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ వదులుంది. మళ్ళీ విప్పాడు. విప్పుతున్నప్పుడు బావమరిది ముఖంలో అలసట కనబడేది కాదు. చిన్నప్పట్నుంచి ఈ రోజుకోసమే ఆగినవాడిలా ఉండేవాడు.

షెడ్డు ముందున్న ఖాళీ స్థలంలో మొదటిసారి నడిపినప్పుడు మడమతో మొదటి గేరు పడింది. ముందు పలకమీద కాలు వేశాడు, రెండోది పడలేదు, న్యూట్రల్లో పడి ఇంజను వెర్రిగా అరిచింది. ఎన్నిసార్లు చేసినా అంతే. లివరుదే తప్పని పాదరసం, కాలిదే తప్పని బావమరిది వాదించుకున్నారు. బావమరిది నేలమీద కూర్చుని, చెంప మట్టికి ఆనేలా వంగి, బండి పక్కనుంచి పోతుంటే పాదాన్నే చూశాడు.

"తొక్కకు బావా, నొక్కు. నొక్కి ఒక్క క్షణం అక్కడే ఉంచు. నువ్వు కాలు పెట్టీ పెట్టకముందే తీసేస్తున్నావు."

పెట్టిన కాలు పెట్టినచోట ఉంచడం. పుట్టి బుద్ధెరిగాక పాదరసాన్ని ఎవరూ ఇంత కష్టమైన పని అడగలేదు. సాయంత్రాలన్నీ ఆ ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరిగాడు. నొక్కి, పళ్ళు బిగబట్టి, ఉంచి, వదిలి. పదింటికి ఒకటి తప్పేది, కొన్నాళ్ళకు ఎప్పుడో ఒకటి. తప్పినప్పుడల్లా షెడ్డులోంచి లేత్ చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

ఈలోగా పాదరసం ఆఫీసులో తన పై అధికారి వెంటపడ్డాడు. లిఫ్టు గూళ్ళలోకి దిగనక్కర్లేదు, మేడలమీది మోటారు గదులు తనిఖీ చేసే పని ఇవ్వమన్నాడు. సొంత బండిమీద తిరగగలిగితే చూద్దామని ఆయన ముభావంగా ఒప్పుకున్నాడు. వచ్చే వారంనుంచే మొదలు. అందుకని ఆ ఆదివారం ఊరు దాటి, కొండ దారిలో బండిని ఒకసారి గట్టిగా పరీక్షిద్దామని ఇద్దరూ బయలుదేరారు. పాదరసం నడిపాడు. బావమరిది జేబులో రెండు పానాలు వేసుకుని వెనక కూర్చున్నాడు. ఆ బండి వెనక సీటుమీద అతను కూర్చోవడం, చిన్నతనంలో తండ్రి వెనక కూర్చున్న తరువాత, ఇదే మొదటిసారి.

ఊళ్ళో ఉన్నంతసేపూ వెనకనుంచి మడమ, ముందు, మడమ అని చెవిలో వినబడుతూనే ఉంది. పెద్దరోడ్డు ఎక్కాక ఆ గొంతు ఆగిపోయింది. కొండమీద దారి మరమ్మతు జరుగుతోంది. ఎర్రజెండా వాడు అందర్నీ ఏటవాలులో ఆపేశాడు. ఆగి, మళ్ళీ కదిలేటప్పుడు పాదరసం తొందరపడ్డాడు, ఇంజను ఆగిపోయింది. వెనక లారీ హారను కొట్టింది. బావమరిది దిగి బండిని పట్టుకున్నాడు. పాదరసం కుడిపక్కకు దిగి, ఫుట్‌రెస్టు మడిచి, ఎడమకాలితో కొట్టాడు. అంటుకోలేదు. లారీ మళ్ళీ అరిచింది. చెమట కళ్ళలోకి కారింది. పారిపోవాలన్నంత ఆత్రం కాళ్ళలోకి దిగింది. బావమరిది హ్యాండిలు కదలకుండా బిగించి పట్టుకున్నాడు. పాదరసం ఒక్క ఊపిరి పీల్చుకుని రాడ్డును పైదాకా రానిచ్చి, బరువంతా వేసి దించాడు. అంటుకుంది. ఎక్కి, మడమతో నొక్కి, ఉంచి, క్లచ్చు వదిలాడు.

పైన చదునుగా ఉన్న చోట ఆపారు. కింద ఊరు పొగమంచులో గుడ్డముక్కలా ఉంది. పాదరసం దిగి తాళంచెవి చాపాడు.

"వెళ్ళేటప్పుడు నువ్వు నడుపు."

బావమరిది ఎక్కాడు. స్టార్టు చేశాడు. అతని కుడికాలు అలవాటుగా పాత చోటుకు వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. గాల్లో వెతికి, ముందుకు జరిగి పలకను దొరకబుచ్చుకుంది గానీ, మోకాలు ట్యాంకుకు తగిలింది. బండి రెండడుగులు ముందుకు తూలి ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. అతను హ్యాండిలుమీద రెండు చేతులూ పెట్టి తన మోకాలికేసి చూసుకున్నాడు.

"నీ కాలికి తప్ప ఇది ఇంకెవరి కాలికీ పట్టదు" అన్నాడు.

"విప్పితే పాతదే కదా. నువ్వే అన్నావు. పానాలు నీ జేబులోనే ఉన్నాయి."

"ఉన్నాయి." బావమరిది దిగాడు. పలకమీది ఒక బోల్టును వేలితో తడిమి, బిగుతు చూసి, వెనక సీటువైపు నడిచాడు. "చాలా బాగా బిగించాను. ఎందుకులే."

దిగేటప్పుడు దారి తేలిగ్గా ఉంది. గాలి చల్లబడింది. కొండ అడుగున దారి రెండుగా చీలుతుంది. ఎడమది ఇంటికి, కుడిది ఇద్దరూ ఎప్పుడూ వెళ్ళని వైపు. పాదరసం వేగం తగ్గించాడు. కుడికాలు ముందు పలకమీదే ఉంది, నొక్కకుండా, తియ్యకుండా. ఇంటికి ఇటు కదా అని వెనకనుంచి బావమరిది అన్నాడు.

పాదరసం అవునని తలూపి, బండిని కుడివైపు తిప్పాడు. బావమరిది సీటు అంచులు గట్టిగా పట్టుకుని, ముందుకు వంగి, ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు.